సాకెట్ మీద వచ్చే ఎక్స్‌ఎంఎల్ కంట్రోల్ మెసేజ్ దగ్గర డీసీరియలైజర్ ఆగిపోతోంది

కొత్తకెరటం:
అందరికీ నమస్కారం. సీ షార్ప్‌లో విండోస్ ఫార్మ్స్ ప్రోగ్రామ్ ఒకటి రాస్తున్నాను. కొన్ని మోటారు కంట్రోలర్లకు టీసీపీ మీద ఆదేశాలు పంపాలి, అవి పంపే స్థితి మెసేజ్‌లు చదివి తెర మీద చూపించాలి. రెండు వైపులా ఎక్స్‌ఎంఎల్లే. చదవడానికి వీలుగా ట్యాగులు తెలుగులో పెడుతున్నాను, మెసేజ్ ఇలా ఉంటుంది:

<ఆదేశం><వరుస>41</వరుస><పరికరం>7</పరికరం><రకం>ఆపు</రకం></ఆదేశం>

దీనికి తగ్గ క్లాసు రాసుకుని ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్‌కి (ఆబ్జెక్టును ఎక్స్‌ఎంఎల్‌గా మార్చేది, తిరిగి ఆబ్జెక్టుగా విప్పేది, అంటే డీసీరియలైజ్ చేసేది) ఇచ్చాను. ఫైల్లో రాసి, ఫైల్లోంచి చదివితే ఏ ఇబ్బందీ లేదు. అదే నెట్‌వర్క్ స్ట్రీమ్‌ని నేరుగా డీసీరియలైజ్‌కి ఇస్తే ఆ లైను దగ్గరే కూర్చుంటుంది. అవతలి వైపు కనెక్షన్ మూసేస్తే అప్పుడు మాత్రం మెసేజ్ చక్కగా బయటికొస్తుంది! ప్రతి మెసేజ్‌కీ కనెక్షన్ మూసి తెరవడం కుదరదు, కనెక్షన్ పోతే కంట్రోలర్ మోటారును ఆపేస్తుంది.

ఇంకొకటి. ఆపు బటన్ నొక్కినప్పుడు ఒక్కోసారి ఫారం మొత్తం బిగుసుకుపోతోంది. ప్రతిసారీ కాదు, అదే టెన్షన్. రెండింటికీ సంబంధం ఉందో లేదో తెలియక ఒకే చోట అడుగుతున్నాను.

పాతకాపు:
రెండూ వేరువేరు. ముందు మొదటిది చూద్దాం.

టీసీపీకి మెసేజ్ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది బైట్ల వరుస ఒక్కటే. మీరు ఒకసారి పంపింది అవతల మూడు ముక్కలుగా రావచ్చు, మీరు మూడుసార్లు పంపింది ఒకే ముద్దగా రావచ్చు. పైపులో వచ్చే నీళ్ళకు ఇది మొదటి బిందె, ఇది రెండో బిందె అని గీత ఉండదు కదా, అలాగే.

ఇక ఎక్స్‌ఎంఎల్ వైపు చూడండి. రూట్ ట్యాగ్ మూసుకున్నాక కూడా కామెంట్లూ, ప్రాసెసింగ్ ఇన్‌స్ట్రక్షన్లూ రావచ్చని ప్రమాణమే చెబుతుంది. పైగా రీడర్ తన బఫర్ నింపుకోవడానికి వీలైనంత ముందుకు చదువుతుంది. అందుకని స్ట్రీమ్ ముగిసిందని కబురు వచ్చేదాకా అది ఎదురుచూస్తుంది. ఫైల్‌కి చివర ఉంది, తెరిచి ఉన్న సాకెట్‌కి, అంటే నెట్‌వర్క్ కనెక్షన్ కొసకి, లేదు. మీరు చూస్తున్నది అదే.

ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒకవేళ రీడర్ ఆగకుండా మొదటి మెసేజ్ ఇచ్చేసిందనుకోండి, రెండో మెసేజ్‌లో సగం అప్పటికే దాని బఫర్‌లోకి వెళ్ళిపోయి ఉంటుంది. ఆ రీడర్‌ని వదిలేసి కొత్తది తెరిస్తే ఆ సగం పోయినట్టే.

కాబట్టి సాకెట్‌ని సీరియలైజర్‌కి ఎప్పుడూ ఇవ్వకండి. మెసేజ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చే పని వేరే, దాన్ని విప్పి చదివే పని వేరే. మెసేజ్ ముందు 4 బైట్లలో దాని పొడవు పంపండి. ఇవతల 4 బైట్లు చదవండి, అందులో ఉన్నన్ని బైట్లు చదవండి, ఆ బైట్లను మెమరీ స్ట్రీమ్‌లో పెట్టి సీరియలైజర్‌కి ఇవ్వండి. దానికి చివర ఉంటుంది కాబట్టి ఆగదు.

సున్నా_ఒకటి:
పొడవు పంపడం ఎందుకండీ, మూసే ట్యాగ్ కోసం వెతికితే సరిపోదా? లేదంటే ప్రతి మెసేజ్ చివర ఒక సున్నా బైటు పెట్టొచ్చు. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ అక్షరానికి అనుమతే లేదు కాబట్టి యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) మెసేజ్ మధ్యలో అది వచ్చే అవకాశం లేదు. ఫ్లాష్‌లో ఎక్స్‌ఎంఎల్ సాకెట్ అలాగే పనిచేసేది.

పాతకాపు:
సున్నా బైటు నిజంగానే పనిచేస్తుంది, దాన్ని కాదనను. మూసే ట్యాగ్ వెతకడం మాత్రం వద్దు. అదే ట్యాగ్ కామెంట్‌లోనో సీడేటా (ట్యాగులుగా కాక ఉన్నదున్నట్టు చదవాల్సిన టెక్స్ట్) భాగంలోనో కనిపిస్తే మెసేజ్ మధ్యలో తెగుతుంది. ఎవరో ట్యాగ్ చివర ఒక ఖాళీ వదిలినా వెతుకులాట తప్పుతుంది.

తీగచివర:
ఈ గుర్తుల విషయంలో అనుభవజ్ఞులకే దెబ్బ తగిలింది. రూటర్లు, స్విచ్‌ల కాన్ఫిగరేషన్ కోసం నెట్‌కాన్ఫ్ అనే ప్రోటోకాల్ ఉంది, అదీ ఎక్స్‌ఎంఎల్ మెసేజ్‌లతోనే నడుస్తుంది. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 4742లో ప్రతి మెసేజ్ చివర ]]>]]> అనే ఆరు అక్షరాల గుర్తు పెట్టారు. సరైన ఎక్స్‌ఎంఎల్‌లో అది రాదనుకున్నారు. కానీ యాట్రిబ్యూట్ విలువల్లో, కామెంట్లలో, ప్రాసెసింగ్ ఇన్‌స్ట్రక్షన్లలో ఆ వరుస నిబంధనల ప్రకారమే రావచ్చు. చివరికి 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6242 తెచ్చి, ప్రతి ముక్క ముందు దాని పొడవు రాసే పద్ధతికి మారారు. పాత గుర్తు మొదటి పలకరింపు మెసేజ్ వరకూ, పాత వెర్షన్లతో మాట్లాడటానికీ మిగిలింది.

సున్నా_ఒకటి:
ఇది తెలియదు, చాలా మంచి సంగతి చెప్పారు. చాట్ మెసేజ్‌లకు వాడే ఎక్స్‌ఎంపీపీ ప్రోటోకాల్ వాళ్ళు ఇంకో దారి పట్టారు కదా. కనెక్షన్ మొత్తం ఒకే పొడవాటి డాక్యుమెంట్, అందులో ఒక్కో పిల్ల ట్యాగ్ ఒక్కో మెసేజ్.

పాతకాపు:
అవును, అది అందంగా ఉంటుంది. కాకపోతే అలా ముక్కముక్కగా చదవగలిగే పార్సర్ రెండు వైపులా ఉండాలి. కంట్రోలర్ వైపు చిన్న చిప్పుంటే పొడవు పద్ధతే సులువు, ఎంత మెమరీ కావాలో ముందే తెలుస్తుంది.

కొత్తకెరటం:
కంట్రోలర్ వైపు కోడ్ మా టీమ్‌దే, సీ భాషలో ఉంది. 4 బైట్ల పొడవు పెట్టించాను. ఇప్పుడు నాకు పొడవు -2080374784 అని వస్తోంది! మెసేజ్ చూస్తే చిన్నదే.

పాతకాపు:
132 బైట్ల మెసేజ్ అయి ఉంటుంది, చూసుకోండి. వాళ్ళు పెద్ద బైటు ముందు పంపుతున్నారు, నెట్‌వర్క్ క్రమం అంటే అదే. మీ పీసీలో బైట్లను సంఖ్యగా మార్చే బిట్ కన్వర్టర్ చిన్న బైటు ముందు అనుకుని చదువుతోంది. పదహారు ఆధారంలో 00 00 00 84 అని వచ్చినదాన్ని తిరగేసి చదివితే సరిగ్గా మీరు చెప్పిన సంఖ్యే వస్తుంది. నెట్‌వర్క్ టు హోస్ట్ ఆర్డర్ ఫంక్షన్ గుండా పంపండి.

అలాగే, వచ్చిన పొడవును గుడ్డిగా నమ్మి అంత బఫర్ కేటాయించకండి. మీ మెసేజ్‌లలో పెద్దది ఎంతుంటుందో మీకు తెలుసు. 64 కేబీ అని ఒక హద్దు పెట్టుకోండి, సున్నా కంటే తక్కువైనా హద్దు దాటినా లాగ్‌లో రాసి కనెక్షన్ మూసేయండి. ఒకసారి క్రమం తప్పిన స్ట్రీమ్‌లో తర్వాతి మెసేజ్ ఎక్కడుందో ఊహించి వెతకడం ప్రమాదం. మోటార్లతో పని, ఊహలు వద్దు.

చదివేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోండి: స్ట్రీమ్‌ని 132 బైట్లు అడిగితే 50 ఇచ్చి ఊరుకోవచ్చు, అది తప్పు కాదు. మొత్తం వచ్చేదాకా లూపులో చదవాలి. సున్నా వస్తే అవతలి వాళ్ళు మూసేశారని అర్థం. డాట్ నెట్ 7 నుంచి ఈ పనికి రీడ్ ఎగ్జాక్ట్లీ అని సిద్ధంగానే ఉంది.

కొత్తకెరటం:
నిజంగానే 132! ఇప్పుడు పొడవు సరిగ్గా వస్తోంది. కానీ కొన్ని మెసేజ్‌లకు "రూట్ స్థాయిలో డేటా చెల్లదు, లైన్ 1, స్థానం 1" అనే ఎర్రర్. లాగ్‌లో స్ట్రింగ్ చూస్తే శుభ్రంగా ఉంది. కంట్రోలర్ నుంచి వచ్చేవి బాగానే ఉన్నాయి, పరీక్ష కోసం నా ప్రోగ్రామే నాకు పంపుకున్న వాటికే ఈ గొడవ.

లిపిక:
కంటికి కనిపించని బీఓఎం అది, అంటే టెక్స్ట్ ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో చెప్పడానికి మొదట్లో పెట్టే గుర్తు. డాట్ నెట్‌లో ఎన్‌కోడింగ్ అన్న చోట మామూలు యూటీఎఫ్-8 ఇస్తే, రాసేవాడు మొదట మూడు బైట్ల గుర్తు పెడతాడు. ఆ బైట్లను మీరు నేరుగా రీడర్‌కి ఇస్తే అది గుర్తుపట్టి దాటేస్తుంది. మీరు ముందు స్ట్రింగ్‌గా మార్చి, ఆ తర్వాత పార్స్ చేస్తున్నట్టున్నారు. అప్పుడు ఆ గుర్తు ఒక అక్షరంగా స్ట్రింగ్ మొదట్లో కూర్చుంటుంది, పార్సర్ ఒప్పుకోదు. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ ఆబ్జెక్టును ఫాల్స్ ఇచ్చి తయారు చేసుకోండి, గుర్తు పెట్టదు. అలాగే స్ట్రింగ్ మెట్టు తీసేయండి, బైట్ల నుంచి నేరుగా చదవండి.

స్ట్రింగ్ రైటర్ వాడుతున్నా ఇబ్బందే. అది పై లైనులో యూటీఎఫ్-16 అని ప్రకటిస్తుంది, మీరేమో యూటీఎఫ్-8 బైట్లు పంపుతారు. కొన్ని పార్సర్లు సర్దుకుంటాయి, కొన్ని తిరగబడతాయి.

ఇక పొడవు లెక్క. అక్షరాల సంఖ్య కాదు, బైట్ల సంఖ్య పంపాలి. మీ మెసేజ్‌లో ఉన్న "ఆపు" అనే మాటే చూడండి. స్ట్రింగ్ పొడవు 3 అంటుంది, యూటీఎఫ్-8లో అది 9 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాలతోనే పరీక్షించినన్నాళ్ళూ ఈ తేడా బయటపడదు.

కొత్తకెరటం:
బీఓఎం తీసేశాక ఆ ఎర్రర్ పోయింది, చాలా థాంక్స్ అండి. తర్వాతి ప్రశ్న. ఆదేశం, స్థితి, హెచ్చరిక, జవాబు అని నాలుగు రకాల మెసేజ్‌లున్నాయి. అన్నిటికీ ఒక మూల క్లాసు పెట్టి ఎక్స్‌ఎంఎల్ ఇంక్లూడ్ వాడితే ట్యాగ్‌లో ఏదో టైపు యాట్రిబ్యూట్ వస్తోంది. దాన్ని సీ వైపు వాళ్ళు చదవలేమంటున్నారు.

లిపిక:
వాళ్ళన్నది న్యాయమే. ఆ యాట్రిబ్యూట్‌లో ఉండేది మీ క్లాసు పేరు. మీ లోపలి వ్యవహారం తీగ మీదికి ఎందుకు రావాలి? రేపు క్లాసు పేరు మార్చాలంటే ప్రోటోకాల్ మారిపోతుంది.

రూట్ ట్యాగ్ పేరునే రకంగా వాడండి. రీడర్ తెరిచి, మూవ్ టు కంటెంట్ పిలవండి. అక్కడున్న ట్యాగ్ పేరు చూసి, ఆ పేరుకు తగ్గ సీరియలైజర్‌ని డిక్షనరీలోంచి తీసి అదే రీడర్ ఇవ్వండి. తెలియని పేరొస్తే లాగ్ చేసి వదిలేయొచ్చు, ఎందుకంటే పొడవు ముందే తెలుసు కాబట్టి తర్వాతి మెసేజ్‌కి ఏమీ కాదు.

పాతకాపు:
ఆ డిక్షనరీ తప్పనిసరిగా ఉంచుకోండి. ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ తయారైన ప్రతిసారీ లోపల కోడ్ పుట్టిస్తుంది. టైపు ఒక్కటే ఇచ్చే కన్‌స్ట్రక్టర్, టైపుతో పాటు నేమ్‌స్పేస్ స్ట్రింగ్ ఇచ్చే కన్‌స్ట్రక్టర్, ఈ రెండూ పుట్టించినదాన్ని దాచుకుని మళ్ళీ వాడతాయి. మిగతావి, ఉదాహరణకు రూట్ యాట్రిబ్యూట్ ఇచ్చేది, ప్రతిసారీ కొత్త అసెంబ్లీ పుట్టిస్తాయి, పాతది మెమరీలోంచి పోదు. మెసేజ్‌కొక సీరియలైజర్ చేస్తే రోజంతా నడిచే ప్రోగ్రామ్ మెమరీ తింటూనే ఉంటుంది, ఎంత వెతికినా లీకు మీ కోడ్‌లో కనిపించదు.

తీగచివర:
కంట్రోల్ మెసేజ్‌లు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ తనకు తెలియని ట్యాగ్‌ని నోరెత్తకుండా దాటేస్తుంది, రాని ట్యాగ్‌కి టైపు మామూలు విలువ ఉంచేస్తుంది. అవతలి వాళ్ళు వేగం ట్యాగ్ పేరులో ఒక్క అక్షరం మార్చారనుకోండి. ఎర్రర్ రాదు, మీ ఆబ్జెక్టులో వేగం 0 అని ఉంటుంది. ఆ 0 అవతలి వాళ్ళు పంపిందా, అసలు ఏమీ పంపలేదా అన్నది మీకు తెలియదు.

అన్‌నోన్ ఎలిమెంట్ ఈవెంట్‌ని పట్టుకుని లాగ్ చేయండి. తప్పనిసరిగా ఉండాల్సిన సంఖ్యలను నల్లబుల్‌గా (విలువ రాకపోతే 0 కాకుండా నల్, అంటే ఖాళీ, ఉండేలా) పెట్టి, చదివాక నల్ ఉంటే మెసేజ్‌ని తిరస్కరించండి. ఈ తనిఖీకి పది లైన్లు పడతాయి, అయినా రాయండి.

సున్నా_ఒకటి:
డేటా కాంట్రాక్ట్ సీరియలైజర్‌కి మారితే ఈ కష్టాలు తప్పవా? తప్పనిసరి అని చెప్పే సౌకర్యం అందులో ఉంది కదా.

లిపిక:
ఉంది. కానీ ట్యాగులు అది ఆశించిన క్రమంలోనే రావాలి. వేరే చెప్పకపోతే పేర్ల అక్షరక్రమం. క్రమం తప్పి వచ్చిన ట్యాగ్‌ని అది చదవదు, తప్పనిసరి అని చెప్పని వాటికి ఎర్రర్ కూడా ఇవ్వదు. సీ భాషలో చేత్తో రాసిన మెసేజ్‌లకు ఎక్స్‌ఎంఎల్ సీరియలైజరే నయం, క్రమం విషయంలో మీరు పట్టుబట్టకపోతే అదీ పట్టుబట్టదు.

కొత్తకెరటం:
ఇవన్నీ చేర్చాను. ఇప్పుడు స్థితి మెసేజ్‌లలో ఒక పాత సెన్సర్ నుంచి వచ్చే ముడి సమాచారాన్ని టెక్స్ట్‌గా పెడుతుంటే, పంపేటప్పుడే "విలువ 02 చెల్లని అక్షరం" అని ఎక్సెప్షన్.

తీగచివర:
ఆ సెన్సర్ తన ప్యాకెట్‌ని 02తో మొదలుపెట్టి 03తో ముగిస్తుంది, పాత సీరియల్ పరికరాల్లో చాలావరకు అంతే. ఎక్స్‌ఎంఎల్ 1.0 ప్రకారం 32 కంటే కింద ఉన్న అక్షరాల్లో ట్యాబు, రెండు రకాల లైన్ మార్పులు తప్ప ఏదీ చెల్లదు. సంఖ్య రూపంలో రాసినా చెల్లదు. తనిఖీ ఆపేసే సెట్టింగ్ ఒకటి కనిపిస్తుంది, దాని జోలికి వెళ్ళకండి. మీ వైపు ఎర్రర్ పోయి అవతలి పార్సర్‌లో తేలుతుంది.

అది టెక్స్ట్ కాదు, బైట్లు. ఆ ప్రాపర్టీని బైట్ అర్రే చేయండి. సీరియలైజర్ దానంతట అదే బేస్64గా (బైట్లను మామూలు అక్షరాలతో రాసే పద్ధతి) రాస్తుంది, సీ వైపు విప్పడం కష్టమేమీ కాదు.

విండోస్‌వాసి:
బిగుసుకుపోయే ఫారం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆపు బటన్ ఈవెంట్‌లో ఏం చేస్తున్నారో, చదివే థ్రెడ్ తెరను ఎలా మారుస్తోందో చెప్పండి.

కొత్తకెరటం:
బటన్‌లో ఆదేశం పంపి, జవాబు వచ్చేదాకా ఒక ఈవెంట్ మీద వెయిట్ చేస్తాను. చదివే థ్రెడ్ స్థితి రాగానే ఇన్‌వోక్‌తో తెర మారుస్తుంది, జవాబు రాగానే ఆ ఈవెంట్‌ని సెట్ చేస్తుంది.

విండోస్‌వాసి:
అయితే మీ బటన్ తెరను నడిపే యూఐ థ్రెడ్‌ని నిలబెట్టి జవాబు కోసం చూస్తోంది. ఈలోగా జవాబు కంటే ముందు ఒక స్థితి మెసేజ్ వచ్చిందనుకోండి. చదివే థ్రెడ్ ఇన్‌వోక్ పిలుస్తుంది. ఇన్‌వోక్ అంటే యూఐ థ్రెడ్ ఆ పని ముగించేదాకా కదలదు. యూఐ థ్రెడ్ జవాబు కోసం, చదివే థ్రెడ్ యూఐ కోసం. వెనకే ఉన్న జవాబును చదివేవాళ్ళు లేరు. స్థితి మెసేజ్ ముందు రాకపోతే అంతా సజావుగా సాగుతుంది, అందుకే ఒక్కోసారే బిగుసుకుంటోంది.

చదివే థ్రెడ్‌లో ఇన్‌వోక్ బదులు బిగిన్ ఇన్‌వోక్ పెట్టండి, అది పని అప్పజెప్పి ఎదురుచూడకుండా వెనక్కి వస్తుంది. బటన్ ఈవెంట్‌ని అసింక్ చేసి, వరుస నంబరు మీద జవాబును అవైట్ చేయండి (థ్రెడ్‌ని నిలబెట్టకుండా ఎదురుచూడటం), గడువు కూడా పెట్టండి. ఫారం మూసేటప్పుడు చదివే థ్రెడ్ కోసం జాయిన్ పిలుస్తుంటే అక్కడా ఇదే ముడి పడుతుంది.

బిగిన్ ఇన్‌వోక్‌తో ఇంకో జాగ్రత్త. స్థితి మెసేజ్‌లు వరదలా వస్తుంటే ఒక్కోదానికీ ఒక పిలుపు పంపకండి. పరికరానికొక తాజా స్థితి మాత్రం దాచుకుని, టైమర్‌తో తెర మార్చండి. క్యూలో పాత స్థితులు పేరుకుంటే వినియోగదారుడు చూసేది ఎప్పటిదో అవుతుంది.

కొత్తకెరటం:
అద్భుతం, ఇప్పుడు బిగుసుకోవడం లేదు. దీంతో పాటు ఒక వింత. వేగం కోసం ట్రాక్‌బార్ (స్లైడర్) నుంచి నా సొంత కంట్రోల్ చేసుకున్నాను. దానికి పోస్ట్ మెసేజ్‌తో నా సొంత విండో మెసేజ్ (విండోస్‌లో కంట్రోళ్ళకు నంబరుతో వెళ్ళే కబురు) పంపుతాను, డబ్ల్యూఎం యూజర్ ప్లస్ 5. దాంతో పాటు వెళ్ళే ఎల్‌పారమ్ అనే విలువలో పరికరం నంబరు ఉంటుంది. పరికరం 7 నుంచి మెసేజ్ వస్తే స్లైడర్ వెళ్ళి 7 మీద కూర్చుంటోంది!

విండోస్‌వాసి:
ఆ నంబరు మీది కాదు, ట్రాక్‌బార్‌ది. డబ్ల్యూఎం యూజర్ అంటే 1024. అక్కడి నుంచి 32767 దాకా ఉన్న నంబర్లు ఒక్కో విండో క్లాసు సొంత వాడకానికి. ట్రాక్‌బార్‌లో ప్లస్ 5 అంటే "స్లైడర్‌ని ఈ స్థానంలో పెట్టు" అనే ఆదేశం, స్థానం ఎల్‌పారమ్‌లో ఉంటుంది. మీరు 7 ఇచ్చారు, అది చెప్పినట్టే చేసింది.

మీ సొంత మెసేజ్‌లు డబ్ల్యూఎం యాప్ నుంచి మొదలుపెట్టండి, అంటే 32768 నుంచి 49151 వరకు. ఈ హద్దులో సిస్టమ్ కంట్రోళ్ళు ఏమీ వాడుకోవు. వేరే ప్రోగ్రామ్‌తో మాట్లాడాలంటే మాత్రం రిజిస్టర్ విండో మెసేజ్‌తో పేరు నమోదు చేసి నంబరు తీసుకోవాలి. మీ అవసరానికి అసలు విండో మెసేజ్‌లే అక్కర్లేదు, మామూలు మెథడ్‌ని బిగిన్ ఇన్‌వోక్‌తో పిలిస్తే చాలు.

తీగచివర:
ఆపు ఆదేశం గురించి. టీసీపీలో పంపడం విజయవంతమైందంటే మీ బైట్లు మీ సిస్టమ్ బఫర్‌లోకి వెళ్ళాయని మాత్రమే. మోటారు ఆగిందని కాదు. అదే వరుస నంబరుతో కంట్రోలర్ నుంచి జవాబు వస్తేనే తెరమీద "ఆగింది" అని చూపండి. జవాబు రాకపోతే మళ్ళీ పంపండి. ఆపు అన్నది ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే కాబట్టి భయం లేదు. "వేగం 10 పెంచు" లాంటివి అలా పంపకూడదు, "వేగం 60 చేయి" అని రాయండి.

పంపే క్యూ కూడా చూసుకోండి. కాన్ఫిగరేషన్ మెసేజ్‌లు వరుసలో ఉండగా ఆపు వచ్చి వాటి వెనక నిలబడకూడదు. క్యూ దాటి ముందుకు రావాలి, వెనకున్న ఆదేశాలను రద్దు చేయాలి. నిర్ణీత వ్యవధిలో మీ నుంచి ఏ మెసేజూ రాకపోతే మోటారు తనంతట తాను ఆగేలా కంట్రోలర్‌లో రాయించండి. మనుషులు దగ్గర్లో ఉండే యంత్రమైతే అత్యవసర స్విచ్ మీ ప్రోగ్రామ్‌తో, నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా కరెంటునే తెంపాలి. ఎంత బాగా రాసిన ఎక్స్‌ఎంఎల్ మెసేజ్ అయినా దానికి బదులు కాదు.

కొత్తకెరటం:
విడి స్విచ్ ఉందండి, దాని తీగలు కంట్రోలర్‌కి కాకుండా నేరుగా కాంటాక్టర్‌కి (మోటారు కరెంటును కలిపి తెంచే స్విచ్) వెళ్తాయి. క్యూ దాటే పద్ధతి మాత్రం లేదు, ఇప్పుడే చేరుస్తున్నాను. ఇదంతా ఎలా పరీక్షించాలి? నా పీసీలో అన్నీ పూర్తి మెసేజ్‌లుగానే వస్తున్నాయి.

పాతకాపు:
సాకెట్ బదులు మీ సొంత స్ట్రీమ్ క్లాసు ఒకటి రాయండి, ఎంత అడిగినా ఒక్క బైటే ఇచ్చేది. మీ చదివే కోడ్‌ని దాని మీద నడపండి. ఆ తర్వాత మూడు మెసేజ్‌లను ఒకే అర్రేలో కలిపి ఇవ్వండి. ఆ తర్వాత ఒక మెసేజ్‌ని ప్రతి బైటు దగ్గరా తెంపి, అక్కడ కనెక్షన్ పోయినట్టు నటించండి. ఈ మూడూ దాటితే నెట్‌వర్క్ ఇంతకంటే పెద్దగా ఏడిపించలేదు.

కొత్తకెరటం:
ఒక్క బైటు స్ట్రీమ్‌తో వెంటనే ఒకటి దొరికింది. మెసేజ్‌ని లూపులో చదువుతున్నాను గానీ, ముందున్న 4 బైట్ల పొడవును మాత్రం ఒకే రీడ్‌తో తీసుకుంటోంది కోడ్. రెండింటికీ ఒకే ఫంక్షన్ వాడేలా మార్చాను. మూడు పరీక్షలూ దాటాయి. కంట్రోలర్ టీమ్ గడువు తీరితే ఆగే కోడ్ పెట్టాక అసలు మోటారు మీద నడిపి ఇక్కడే రాస్తాను.

తీగచివర:
నడిపేటప్పుడు విప్పిన ఎక్స్‌ఎంఎల్‌తో పాటు ముడి బైట్లను కూడా సమయంతో సహా ఫైల్లో రాయండి. ఏదైనా తేడా వస్తే ఆ ఫైల్‌ని మీ ఒక్క బైటు స్ట్రీమ్‌కి ఇచ్చి, మోటారు లేకుండానే మళ్ళీ నడిపి చూడొచ్చు.